దాపటెద్దు చక్కిలిగిలి

ఆ రోజుల్లో నాకు అభిప్రాయం లేని విషయం భూమ్మీద లేదు. సెల్‌ఫోను టవరు ఊరి మధ్య వెయ్యాలా, పొలిమేరలో వెయ్యాలా? పత్తిలో వచ్చిన కొత్త విత్తనం మంచిదా, చెడ్డదా? వీధికుక్కలకు మందు పెట్టి చంపడం న్యాయమేనా? అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని. ఇంట్లో వినడానికి ఉన్నది ఇద్దరే. ఒకరు అమ్మ, రెండోవారు బాబాయి. నాన్న నా చిన్నప్పుడే పోతే సేద్యమూ మేమూ కలిసి బాబాయి చేతికి వచ్చాం. ఆయన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. నేను మాట్లాడుతుంటే బాబాయి ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. అమ్మ మాత్రం "నీ నోరు ఊరుకోదే" అంటూ తన పని చేసుకునేది.

అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం అయి ఉంటుంది. డిగ్రీ అయ్యాక సత్తెనపల్లిలో బస్టాండుకు దగ్గర్లో ఒక నెట్ సెంటరులో పనికి కుదిరాను. కింద పురుగుమందుల కొట్టు, పైన మేము. నాలుగు కంప్యూటర్లు, ఒక పాత ప్రింటరు. పిల్లలకు టైపింగు నేర్పాలి, పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున నంబర్లు కొట్టి చూసి చెప్పాలి. మిగతా సమయమంతా నాదే. మోడెం కూత మొదలవగానే నాకు గుండె దడదడలాడేది. గరగరమని, కీచుమని, ఒక్క క్షణం ఆగిపోయి, మళ్ళీ అందుకునేది. ఆ ఆగిన క్షణంలో ఊపిరి బిగబట్టేదాన్ని. లైను కలిసిందంటే చాలు, కింది నుంచి వచ్చే మందు వాసన కూడా తెలిసేది కాదు.

లైను కలిశాక నేను పోయేది ఒకే చోటికి. తెలుగువాళ్ళు కలిసి మాట్లాడుకునే ఒక చర్చా గుంపు అది. నూట పాతిక మంది దాకా ఉండేవాళ్ళు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. రాజకీయాలు, వానలు, క్రికెట్టు, కొత్తగా వచ్చిన ఫోన్లు, ఏదైనా సరే ఎవరో ఒకరు అంటించేవాళ్ళు, మిగతావాళ్ళం ఎగదోసేవాళ్ళం. సాయంత్రం నేను రాసి వెళ్ళిన దానికి పొద్దున్నే పదిమంది జవాబులు రాసి ఉంటే, ఆ సంతోషం ఇంతా అంతా కాదు. మా ఊళ్ళో నా మాటకు "పోవే" అనే జవాబు తప్ప దొరకదు. ఇక్కడ దుబాయ్‌లో ఉన్నాయన, బెంగళూరులో ఉన్నాయన నా మాట మీద కొట్టుకుంటున్నారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలనిపించేది.

ఒక జనవరి చివర్లో గుంపులో బండలాగుడు పోటీల గొడవ మొదలైంది. మా గుంటూరు, ప్రకాశం వైపు తిరునాళ్ళలో ఎడ్ల జతకు పెద్ద బండ కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగితే వాళ్ళది గెలుపు. ఎవరో అది మన పౌరుషం అని రాశారు. వెంటనే బెంగళూరు ఆయన, మేకు దిగ్గొట్టిన ముల్లుగర్రతో ఎద్దును పొడిచి లాగించడం పౌరుషమా అని, పల్లెటూళ్ళలో ఉన్నది మనుషులా రాక్షసులా అని రాశాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని కొట్టాను.

"మా ఇంట్లో ఒంగోలు జత ఉంది. పోటీలకు వెళుతుంది. కిందటేడు రెండో స్థానం వచ్చింది. మా బాబాయి ముల్లుగర్ర ముట్టుకోడు. నోటితోనే తోలతాడు. మమ్మల్ని రాక్షసులని రాసేవాళ్ళు ఒకసారి మా ఊరొచ్చి చూడండి."

మర్నాటికి నలభై జవాబులు వచ్చాయి. సగం మంది భేష్ అన్నారు. సగం మంది నమ్మలేదు. వాటిలో ఒకటి పశువుల డాక్టరు గారిది. ఆయన ఏ ఊళ్ళో పనిచేస్తారో ఎవరికీ తెలియదు, ఎప్పుడో గానీ రాయరు. ఆయన రాసింది నాకు ఇప్పటికీ గుర్తు. "పోటీ మీరు చూశారో లేదో నాకు తెలియదమ్మా. చూడకపోయినా ఫరవాలేదు. ఇంటికి వెళ్ళి తోక మొదట్లో, తొడల వెనక తడిమి చూడండి. కళ్ళతో కాదు, చేత్తో. వెంట్రుకల కింద పోటు మచ్చలు ఉంటే చేతికే తెలుస్తుంది."

కోపం నషాళానికంటింది. నేను పుట్టి పెరిగిన కొట్టంలో ఎద్దుల సంగతి ఈయన నాకు చెబుతాడా అనుకున్నాను. కానీ ఆయన మొదటి మాట గొంతులో ముల్లులా దిగబడింది. నేను పోటీ చూడలేదు. మా వైపు ఆడవాళ్ళు బరి దగ్గరికి వెళ్ళరు. ఉలవలు ఉడకబెట్టేది ఆడవాళ్ళు, పోటీ రోజున ఎద్దుల నుదుట బొట్టు పెట్టి పంపేది ఆడవాళ్ళు, తిరిగొస్తే ఎదురెళ్ళి కాళ్ళ మీద నీళ్ళు పోసేది ఆడవాళ్ళు. మధ్యలో ఏం జరిగిందో మగవాళ్ళు వచ్చి చెబితే వినాలి. మా అమ్మ పదేళ్ళుగా ఉలవలు ఉడకబెడుతోంది. ఒక్కసారి కూడా బండ కదలడం చూడలేదు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఇంటికొచ్చాను. అమ్మ కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి తాలు కాయలు ఏరుతోంది. నేను నేరుగా కొట్టంలోకి వెళ్ళాను. కాడికి కుడివైపు కట్టేది ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. దాపటెద్దు అంటే మా ఇంటిల్లిపాదికీ ముద్దు. దానికి చక్కిలిగిలి ఎక్కువ. వెనక నుంచి చెయ్యి వేస్తే చాలు, ఒళ్ళంతా జలదరించి, తోక బిగించి, గబుక్కున పక్కకు జరిగేది. ఇంటికి ఎవరొచ్చినా మేము అది చేసి చూపించేవాళ్ళం. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ రోజూ చెయ్యి వేశాను. ఎప్పటిలాగే జరిగింది. అలవాటు కొద్దీ నాకు నవ్వొచ్చింది. దానితో పాటే జరిగి, వెంట్రుకలు పక్కకు తోస్తూ తడిమాను. చేతికి గట్టిగా, చింతగింజల్లాంటి కణుపులు తగిలాయి. ఒకటి కాదు, రెండు కాదు. తోక మొదలు నుంచి తొడ వెనక దాకా ఉన్నాయి. రెండు మూడు చోట్ల పెచ్చు ఇంకా పచ్చిగా ఉంది. పది రోజుల కిందటే అవి ఒక పోటీకి వెళ్ళొచ్చాయి. వచ్చాక నాలుగు రోజులు బాబాయి తనే పసుపు, వేపనూనె కలిపి రాశాడు. జోరీగలు వాలకుండా అని చెప్పాడు. మేము నమ్మాం.

బాబాయి కుడితి బాల్చీతో లోపలికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏందే అక్కడ?"

"ఇవేంటి బాబాయ్?"

ఆయన బాల్చీ కింద పెట్టాడు.

"పొలంలో నోరు చాలుద్ది. బరిలో చాలదు," అన్నాడు. "అందరూ పొడిచేవాళ్ళేనమ్మాయ్. నేను తక్కువ పొడుస్తాను."

నేను అరిచాను. ఏమేం అరిచానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎద్దులు కూడా బెదిరాయి. తల తిప్పి చూస్తే గుమ్మంలో అమ్మ, ఒళ్ళో తాలు కాయలతో నిలబడి ఉంది. అంతా విన్నది. వెనక్కి వెళ్ళి మళ్ళీ కాయల ముందు కూర్చుంది. ఆ పూట అమ్మ ఇద్దరితోనూ మాట్లాడలేదు.

రెండు రోజులు గుంపులోకి వెళ్ళలేదు. లైను కలిపి, పేజీ తెరిచి, మళ్ళీ మూసేదాన్ని. ఎవరూ మొహం చూడని చోట అబద్ధం అలాగే ఉంచేస్తే పోయేదేముంది? ఎవరొచ్చి తడుముతారు? అయినా మూడో రోజు రాసేశాను. "నేను రాసింది నిజం కాదు. తెలియక రాశాను. తడిమి చూశాను. ఉన్నాయి." ఆ నాలుగు ముక్కలకు గంట పట్టింది.

వాయించారు. బెంగళూరు ఆయన తీరిగ్గా కూర్చుని రెండు పేజీలు రాశాడు. ముక్కు మొహం తెలియని వాళ్ళంతా వచ్చి తలో రాయి వేశారు. దుబాయ్ ఆయన మాత్రం "తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకా ఎందుకయ్యా కొడతారు" అన్నాడు. చివర్లో డాక్టరు గారు అడిగారు. "మీ బాబాయి గారు ఇవన్నీ చదువుతారా?" చదవడన్నాను. "అయితే చదివి వినిపించండి. తిట్లు వద్దు. నా ప్రశ్న ఒక్కటే వినిపించండి. ముల్లు లేకుండా ఒకసారైనా బండ కట్టి చూశారా?"

ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చాను. బాబాయి కల్లం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చదివాను. ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని, అక్షరాలు రానట్టుగా తిప్పి తిప్పి చూశాడు. నిజానికి ఐదో తరగతి దాకా చదివాడు.

"ఈయనకు మన ఎద్దు సంగతి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నేను పొడుస్తానని ఎంతమందికి తెలుసు?"

"నూట పాతిక మందికి."

బాబాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇక లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.

"మహాశివరాత్రి తిరునాళ్ళకు ఇంకా ఐదు వారాలుంది," అన్నాడు. "ముల్లు లేకుండా ఎట్టా కదులుద్దో ఆయన్నే చెప్పమను. చెబితే చూస్తా."

అక్కడి నుంచి మా ఇంటికి, ఆ గుంపుకి మధ్య నేను పోస్ట్‌మాన్‌నయ్యాను. పొద్దున్నే బాబాయి ప్రశ్నలు చీటీ మీద రాసుకుని బస్సెక్కేదాన్ని. సాయంత్రం జవాబులు ప్రింటు తీసుకుని దిగేదాన్ని. డాక్టరు గారి మొదటి జవాబుకే బాబాయి బిత్తరపోయాడు. ఎద్దుల వెనక ఎవరూ నిలబడకూడదట. బాబాయి కూడా. ముందు నిలబడి పిలవాలి. పిలుపు విని కాడికి మెడ ఆనించాయా, వెంటనే ఆపి మెడ నిమరాలి. ముందు ఖాళీ మొద్దు, తర్వాత చిన్న బండ, ఆ తర్వాతే పెద్దది. రోజూ ఒకే పిలుపు పిలవాలి, ఇంకో మాట కలపకూడదు.

"ముందు నడవడమేందే? పెళ్ళికొడుకుని తీసుకెళ్ళినట్టు?" అన్నాడు బాబాయి. అన్నాడే గానీ మర్నాడు పొద్దున్నే పత్తి తీసేసిన చేలో మొద్దు కట్టాడు. ముందు నిలబడి "పదండ్రా నాయనా..." అని సాగదీసి పిలిచాడు. ఎద్దులు ఆయన మొహం చూస్తూ నిలబడ్డాయి. వాటికీ కొత్తే మరి. వెనక నుంచి రావాల్సింది ముందు నుంచి వస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. దారిన పోయే పక్కచేను రైతు ఆగి, "ఏరా, ఎడ్లు నిన్ను తోలుతున్నాయా ఏంది?" అన్నాడు. బాబాయి వాడి వైపు తిరిగి చూడలేదు. మళ్ళీ పిలిచాడు. నాలుగో రోజున దాపటెద్దు ఒకడుగు ముందుకేసింది.

ఆ ఒక్క అడుగు గుంపులో రాస్తే జనం పండగ చేసుకున్నారు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. దుబాయ్ ఆయన పనికి పోయే ముందు, వచ్చాక కూడా చూసుకునేవాడు. "ఇవాళ ఎన్ని అడుగులు?" అని రోజూ అడిగేవాడు. ఎవరో ఉలవలతో పాటు ఏం పెట్టాలో రాశారు. వాళ్ళ నాన్నను అడిగి రాశారట. కరెంటు బిల్లుల మీద కొట్టుకోవాల్సిన వాళ్ళు మా ఎద్దు మేత మీద కొట్టుకున్నారు. ఒకనాడు లైను కలవలేదు. మర్నాడు తెరిస్తే, ఎద్దుకేమైనా అయ్యిందా అని పదిహేను మంది కంగారుగా రాశారు. ఆ పేజీ చూసి నాకు కన్నీళ్ళొచ్చాయి. పక్కన టైపింగు నేర్చుకుంటున్న అమ్మాయి ఏమైందక్కా అని అడిగింది. ఏం చెప్పను, మా ఎద్దును తలుచుకునేవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఏడుస్తున్నానని చెప్పనా?

అన్నిటికన్నా పెద్ద వింత బెంగళూరు ఆయనది. వారం పాటు మౌనంగా ఉండి, ఒక రోజు కాడి ఎంత ఎత్తున ఉంటుంది, కాడి నుంచి బండకు కట్టే మోకు ఎంత పొడవు అని అడిగాడు. బాబాయి జానలు వేసి కొలిచి చెప్పాడు. ఆయన లెక్కలు కట్టి, మోకు ఇంకో మూర పెంచితే ఎద్దు లాగే బలం బండ మీద సరిగ్గా పడుతుందో పడదో, కారణాలతో సహా ఒక పేజీ రాశాడు. ఆ పేజీలో నాకు అర్థమైంది ఒక్క ముక్కే, మూరెడు పెంచమని కాదు, తగ్గించమని. బాబాయి నవ్వాడు. పొద్దున్నే తగ్గించి కట్టాడు. సాయంత్రం నేను బస్సు దిగేసరికి రోడ్డు మీదే ఎదురొచ్చాడు.

"ఆ బెంగళూరాయన ఎద్దును ఎప్పుడన్నా చూశాడో లేదో గానీ మోకు సంగతి తెలిసినోడే. ఆయనకు నేను మెచ్చుకున్నానని రాయి."

రాశాను. మమ్మల్ని రాక్షసులన్న మనిషి "మీ బాబాయి గారికి నమస్కారాలు" అని జవాబిచ్చాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్య నమస్కారాలు మొయ్యడం కూడా నా పనే అయ్యింది.

మూడు వారాలు దాటాక పెద్ద బండ కట్టారు. పొద్దు ఇంకా ఎక్కలేదు, చేలో మంచు ఉంది. నేను, అమ్మ గట్టు మీద నిలబడ్డాం. అమ్మ రానంటూనే వచ్చింది. బాబాయి ముందుకు నడిచి, చేతులు రెండూ ఖాళీగా చాపి "పదండ్రా నాయనా..." అన్నాడు. ఎద్దులు మెడలు వంచాయి. బండ కిందనుంచి కర్రుమన్న శబ్దం వచ్చింది. కదిలింది. పది అడుగులు, ఇరవై అడుగులు, చేను అంచు దాకా వచ్చేసింది. నేను గట్టు మీద గెంతుతున్నాను. అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నెట్ సెంటరులో ఎంత తొందరగా కొట్టానంటే, నేను రాసింది ఎవరికీ సగం కూడా అర్థం కాలేదు. అయినా అందరికీ సంగతి తెలిసిపోయింది.

తిరునాళ్ళ వినుకొండ వైపు ఒక ఊళ్ళో. ఎద్దులను ముందు రోజే ట్రాక్టరులో ఎక్కించారు. పొద్దున నేను చీర కట్టుకుని బయల్దేరుతుంటే, బరి దగ్గరికి ఆడపిల్లేంటని అమ్మ అడ్డం పడుతుందని సిద్ధపడి ఉన్నాను. ఏమేం అనాలో మాటలు కూడా కూర్చుకున్నాను. అమ్మ బయటికొచ్చింది. తను కూడా చీర మార్చుకుంది, చేతిలో సంచి ఉంది.

"పదేళ్ళుగా వండి పెడుతున్నా. ఏం చేయిస్తున్నారో చూడొద్దా?" అంది.

అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. బరికి రెండు పక్కలా మగవాళ్ళే. మమ్మల్ని చూసి కొందరు పక్కకు జరిగారు, కొందరు గొణిగారు. మేము పోయి మైకు బల్ల పక్కన నిలబడ్డాం. మైకాయన ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు. లౌడ్‌స్పీకర్లు రెండు వైపులా మోగుతున్నాయి. మొదటి జత వచ్చింది. ఏం జరుగుతుందో నాకు అప్పుడు కనబడింది. నేను చదివిన మాటలు వేరు, కళ్ళ ముందు ఆ తొడ మీద కర్ర దిగడం వేరు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదలలేదు.

మా జత సేద్యపు ఎడ్ల విభాగంలో ఐదోదిగా వచ్చింది. బాబాయి ఖాళీ చేతులతో ముందు నిలబడేసరికి జనం నవ్వారు. గంట కొట్టారు. బాబాయి పిలిచాడు. ఆయన నోరు కదలడం నాకు కనబడింది, గొంతు వినబడలేదు. ఎద్దులకూ వినబడలేదు. అప్పుడు తెలిసింది మేము చేసిన తప్పు. ఐదు వారాలూ నిశ్శబ్దంగా ఉన్న చేలో, మంచులో పిలుపు నేర్పాం. ఇక్కడ మైకు, ఈలలు, డప్పులు. నూట పాతిక మందిలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు, డాక్టరు గారికి కూడా. ఎద్దులు బెదురుచూపులు చూస్తూ నిలబడిపోయాయి. దాపటెద్దు వెనక్కి వెనక్కి చూసుకుంటోంది, ఎక్కడ పొడుస్తారో అని. సమయం గడిచిపోతోంది. బరి అంచున ఉన్న ఒక పెద్దాయన బాబాయి చేతిలో ముల్లుగర్ర పెట్టి, "వేషాలు చాల్లే, పొడువయ్యా," అన్నాడు.

బాబాయి కర్ర పట్టుకున్నాడు. మా వైపు చూశాడు. ఆ చూపు చూస్తే ఆయన పొడిచేస్తాడనే అనిపించింది. పొడిస్తే తప్పు పట్టలేను కూడా. జనం అంతా ఆయన్నే చూసి నవ్వుతున్నారు.

నేను మైకాయన వైపు తిరిగి, ఆపండి, మైకు ఆపండి అన్నాను. ఆయన నన్ను తోసేసి అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు మా అమ్మ, జీవితంలో ఇంటి గడప దాటి గట్టిగా మాట్లాడని మనిషి, ఆయన భుజం పట్టి ఊపింది.

"నాయనా, ఆ ఎడ్లు మా మరిది మాట వినాల. నీ మాట కాదు. రెండు నిమిషాలు నోరు ముయ్యి."

మైకు తెరిచే ఉంది. అమ్మ మాట ప్రతి స్పీకరులోంచీ, బరి రెండు చివరలా మోగింది. ఒక్కసారిగా జనం గొల్లున నవ్వారు. మైకాయన బిత్తరపోయి మైకు కింద పెట్టేశాడు. నవ్వు తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. ఎవరో డప్పులవాళ్ళను కూడా ఆగమన్నారు. ఏం జరుగుతుందో చూద్దామని జనం మొత్తం ఊరుకుంది. అన్ని వేలమంది ఊరుకుంటే ఎలా ఉంటుందో నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు.

బాబాయి కర్రను జనంలోకి విసిరేశాడు. "పదండ్రా నాయనా..." అన్నాడు. దాపటెద్దు చెవులు ముందుకు తిప్పింది. రెండూ మెడలు వంచాయి. బండ కదిలింది. దుమ్ము లేచింది. బాబాయి వెనక్కి నడుస్తూ పిలుస్తున్నాడు, ఎద్దులు ఆయన మొహం చూస్తూ లాగుతున్నాయి. ఎవరూ నోరెత్తలేదు. బాబాయి గొంతు, బండ శబ్దం తప్ప ఇంకేమీ లేదు. గంట కొట్టాక గానీ జనం అరవలేదు. అరిచారు చూడండి, నాకు చెవులు గింగురుమన్నాయి.

ఏడు జతల్లో మాది ఐదో స్థానం. సగం సమయం నిలబడే పోయింది మరి. వచ్చేటప్పుడు బాబాయి ట్రాక్టరులో ఎద్దుల మధ్యే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, "ఐదో స్థానం. ముల్లు లేకుండా. అట్టాగే రాయి, రెండూ రాయి," అన్నాడు.

రెండూ రాశాను. కొందరు నమ్మలేదు, ఫొటో ఏదని అడిగారు. ఫొటో లేదు. బెంగళూరు ఆయన స్థానం సంగతి అడగలేదు, అమ్మగారు మైకులో ఏమన్నారో ఇంకోసారి రాయమన్నాడు. డాక్టరు గారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. "తడిమారా?"

తడిమాను. కొత్తవి లేవు. కానీ చెయ్యి వెయ్యగానే ఎప్పటిలాగే జలదరించి పక్కకు జరిగింది. "జరగనివ్వండి," అని రాశారు డాక్టరు గారు. "అది మరిచిపోవడానికి మీకన్నా దానికి ఎక్కువ కాలం పడుతుంది. రోజూ చెయ్యి వేసి, ఊరికే తియ్యండి."

ఆ గుంపు ఇంకో రెండేళ్ళు బతికింది. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. డాక్టరు గారి మొహం నేను చూడలేదు, ఏ ఊరో కూడా అడగలేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నాకంటే నోరు ఎక్కువైన వాళ్ళను రోజూ చూస్తున్నాను. మూగజీవాల మీద, ప్రభుత్వాల మీద, పక్కవాడి తిండి మీద నిమిషంలో తీర్పు చెప్పేస్తారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు, వాళ్ళలో నేనే కనబడతాను. చేత్తో తడిమి చూశావా అని మర్యాదగా అడిగే మనిషి వాళ్ళకు ఇంకా తగల్లేదు, అంతే. నాకింకా అన్నిటి మీదా అభిప్రాయాలు ఉన్నాయి, ఆ రోగం పోలేదు.

ఆ పోటీ జరిగిన ఏడే, తొలకరి పడ్డాక, పత్తి విత్తనం వేసిన మర్నాడు, కొట్టం ముందు ఎద్దులకు నీళ్ళు పోస్తున్నాం. బాబాయి ఎలపటెద్దు కాళ్ళ బురద కడుగుతున్నాడు. అమ్మ కుంకుడు నురగ చేత్తో తీసుకుని దాపటెద్దు వెనక్కి వెళ్ళింది. నేను అలవాటు కొద్దీ దారి వదిలి పక్కకు జరిగాను. అమ్మ తోక మొదట్లో చెయ్యి వేసింది.

అది జరగలేదు. తోక బిగించలేదు. నోట్లో గడ్డి నములుతూ అలాగే నిలబడింది.

అమ్మ చెయ్యి తియ్యలేదు. వెంట్రుకల కింద ఆ కణుపులను ఒక్కొక్కటే వేళ్ళతో తడుముతూ పోయింది. చాలాసేపు అలాగే ఉంది. నేను, బాబాయి పనులాపి చూస్తున్నాం.

"చక్కిలిగిలి కాదు అబ్బాయ్," అంది అమ్మ బాబాయితో, ఆయన వైపు చూడకుండా. "ఇన్నేళ్ళూ దీన్ని చూసి నవ్వాం గదా మనం."